ఉగ్గుగిన్నెతో మళ్లీ మొదలు

మా ఇంట్లో ఒక వెండి ఉగ్గుగిన్నె ఉంది. మా పెద్దాడు పుట్టినప్పుడు మా పుట్టింటివాళ్లు పెట్టింది. వాడికీ, వాడి తర్వాత అమ్మాయికీ దాంతోనే పాలు పట్టాను. ఆ తర్వాత పదిహేనేళ్లు అది బీరువాలోనే ఉండిపోయింది. 2019 నవంబరులో ఒక సాయంత్రం మా అత్తగారు దాన్ని బయటికి తీసి, చింతపండు పెట్టి తళతళా తోమి తెచ్చి నా మంచం పక్కన పెట్టారు.

"డాక్టరు ముప్పై మిల్లీలీటర్లు అన్నాడంట గదా. దగ్గుమందు మూతతో కొలిచి చూశా. దీనికి సరిగ్గా సరిపోయింది అమ్మాయ్" అన్నారు.

అప్పుడు నాకు నలభై ఒక్కటి. బరువు నూటపన్నెండు కిలోలు. చెన్నైలో బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వచ్చి మూడు రోజులైంది. ఆ గిన్నెడు చారు తేట తాగడానికి నాకు పావుగంట పట్టింది. పొట్ట నిండిపోయింది. అప్పుడు ఏడుపొచ్చింది. నొప్పికి కాదు. 'ఇంతేనా ఇక నా జీవితం' అని.

మాది వాకాడు. స్వర్ణముఖి ఒడ్డున ఊరు, కాస్త దూరం పోతే సముద్రం. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మేం తిరుపతి జిల్లాలోకి పోయాం గానీ, మా నాలుకలు మాత్రం నెల్లూరువే. చేపల పులుసులో మామిడికాయ ముక్క పడకపోతే మాకు అన్నం దిగదు. మా ఆయనకి రొయ్యల గుంటలున్నాయి. నేను టైలరింగు చేస్తాను. ఇరవై ఏళ్లుగా ఊళ్లో ఆడవాళ్ల కొలతలన్నీ నా పుస్తకంలోనే ఉన్నాయి. నా కొలత మాత్రం ఎప్పుడూ రాసుకోలేదు. టేపు ఎంత చూపిస్తుందో చూడటానికి భయం.

రెండో కాన్పు తర్వాత మొదలైంది ఈ లావు. ముప్పై మూడేళ్లకే షుగరు. తర్వాత బీపీ. తర్వాత ఇన్సులిన్. మోకాళ్ల నొప్పులతో మిషను తొక్కలేక మోటారు పెట్టించుకున్నాను. రాత్రిళ్లు గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేదాన్ని. ప్రయత్నాలు చేయలేదని కాదు. బ్యారేజీ మీద నడిచాను, రాత్రి అన్నం మానేశాను, ఎవరో చెప్పిన పొడి వేడినీళ్లలో కలుపుకుని తాగాను. ఎనిమిది కిలోలు తగ్గితే పదకొండు పెరిగేవి. 'నోరు కట్టుకోలేక' అని అందరూ అనేవాళ్లు. నేనూ అట్లాగే అనుకునేదాన్ని. ఒక స్థాయి దాటిన లావు ఒట్టి తిండి వల్ల వచ్చేది కాదనీ, తగ్గిన బరువును మళ్లీ తెచ్చుకోవడానికి ఒళ్లే ఆకలిని పెంచుతుందనీ డాక్టరమ్మ చెప్పినప్పుడు, ఆ కుర్చీలోనే సగం బరువు దిగినట్టనిపించింది.

ఆపరేషన్ అనగానే ఇంట్లో గొడవ. "ఆర్తీ అగర్వాల్‌కి ఏమైందో మర్చిపోయావా" అంది మా వదిన. 2015 జూన్‌లో ఆ నటి అమెరికాలో కన్నుమూసినప్పుడు, అంతకుముందు ఆమె కొవ్వు తీయించుకున్న ఆపరేషన్ గురించి పేపర్లలో వచ్చింది. అది లైపోసక్షన్. చర్మం కింద కొవ్వును పీల్చేసేది. మాలాంటి వాళ్లకి చేసేది వేరు, ఇది పొట్ట, పేగుల మీద చేసేది. కేంద్రమంత్రులుగా చేసిన నితిన్ గడ్కరీ 2011లో, అరుణ్ జైట్లీ 2014లో బరువు కోసం చేయించుకున్నవి ఈ కోవలోవే. మా ఆయన మాత్రం ఒకే మాట అడిగారు: "చేయించుకోకపోతే ఏమవుద్ది?" డాక్టరమ్మ నా షుగరు కాగితాలు ఆయన ముందు పెట్టింది. ఆ ఏడాది రొయ్యకి ధర బాగుంది. మిగిలింది నా గాజులు కుదువ పెట్టి సర్దాం.

నాకు చేసింది బైపాస్. జీర్ణకోశం పైభాగాన్ని చిన్న సంచిలా వేరు చేసి, చిన్నపేగును కోసి తెచ్చి దానికి కలుపుతారు. ఆ సంచి కొలతే మా ఉగ్గుగిన్నె. మిగతా జీర్ణకోశం లోపలే ఉంటుంది గానీ అన్నం అటు పోదు. స్లీవ్ అని ఇంకోటి ఉంది. అందులో జీర్ణకోశంలో ముప్పాతిక భాగానికి పైగా తీసేసి, మిగిలింది గొట్టంలా ఉంచుతారు. 1966లో అమెరికాలోని అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జను ఈ బైపాస్‌కి దారి తీశాడట. అల్సరుకి పొట్ట కొంత తీసేసిన ఆడవాళ్లు మళ్లీ లావెక్కకపోవడం చూసి ఆయనకి ఆలోచన వచ్చిందంటారు.

కంచం పక్కన గ్లాసు లేదు

మొదటి రెండు వారాలూ నీళ్లలాంటివే. చారు తేట, కొబ్బరినీళ్లు, పలచటి మజ్జిగ, తర్వాత పాలు. ఆ పైన రెండు వారాలు మెత్తగా మెదిపినవి. పెసరపప్పు కట్టు, జావ, మిక్సీలో వేసిన ఇడ్లీ. ఆ తర్వాత గుడ్డు, చేప. మామూలు తిండికి వచ్చేసరికి రెండు నెలలైంది. ఒక్కో డాక్టరు ఒక్కో రకంగా చెబుతారు కాబట్టి నా లెక్క ఎవరూ పట్టుకోకండి.

తక్కువ తినడం కష్టమనుకున్నాను. అది కాదు కష్టం, నీళ్లు! అన్నం తినేటప్పుడూ, తిన్నాక అరగంట దాకా నీళ్లు తాగకూడదు. చిన్న సంచిలో నీళ్లు పోస్తే ఉన్న చోటు కాస్తా నిండుతుంది, లేదా తిన్నది తొందరగా కిందికి జారిపోతుంది. మనకేమో కంచం కంటే ముందు గ్లాసు పెట్టడం మర్యాద. అందులోనూ మా కారాలకి! నేను గ్లాసు పక్కకి జరిపితే, మా అమ్మాయి అలవాటుగా మళ్లీ తెచ్చి పెట్టేది. మిగతా రోజంతా గుక్కగుక్కగా తాగాలి. మిషను పక్కన సీసా పెట్టుకుని, జాకెట్టుకి ఒక చెయ్యి అతికినప్పుడల్లా ఒక గుక్క అని లెక్క పెట్టుకున్నాను.

నమలడం ఇంకో చదువు. నలభై ఏళ్లు నేను అన్నం తిన్నానే గానీ నమల్లేదని అప్పుడు తెలిసింది. సంగటి అయితే మరీనూ. ముద్దని పులుసులో ముంచి మింగడమే దాని రుచి, నమిలితే పెద్దవాళ్లు నవ్వేవాళ్లు. ఇప్పుడు ఒక్కో ముద్దకి పాతికసార్లు. ముద్ద కూడా గోళీకాయంత. కొత్తబియ్యం అన్నం జిగురుగా ఉండి గొంతు కింద ఇరుక్కునేది. ఇరుక్కుంటే రొమ్ము మధ్యలో రాయి పెట్టినట్టుంటుంది, నోట్లో నీళ్లూరతాయి, వాంతి అయ్యేదాకా సుఖం లేదు. మటను ఏడాది దాకా పడలేదు. చేప మాత్రం నన్ను బతికించింది. సముద్రం పక్కన పుట్టిన అదృష్టం! ముళ్లు తీసి పెడితే వెన్నలా దిగేది.

రోజుకి అరవై గ్రాముల మాంసకృత్తులు తినాలన్నారు. తినేది గుప్పెడు, అందులో అరవై గ్రాములు! గుడ్డులో ఆరు, వంద గ్రాముల చేపలో ఇరవై చిల్లర, గ్లాసు పాలలో ఆరు, కప్పు పప్పులో ఏడో ఎనిమిదో. జాకెట్టు గుడ్డ మిగలకుండా కత్తిరించినట్టు లెక్క వేసుకునేదాన్ని. అందుకే ముందు గుడ్డో చేపో పప్పో, చివర చోటుంటే అన్నం. మన కంచం తలకిందులైందన్నమాట.

అత్తగారి అలక

ఇక్కడే ఇంట్లో చిక్కొచ్చింది. మా అత్తగారికి ప్రేమ చూపడం ఒక్కటే తెలుసు. వడ్డించడం. కొత్త కోడలిగా నేను ఈ ఇంటికొచ్చిన రోజు కూడా ఆవిడ ముందు అడిగింది నా పేరు కాదు, "పీతలు తింటావా" అని. ఆవిడ చేపల పులుసు రాత్రి చేసి పొద్దున పెడితే వీధి వాసనొచ్చేది. ఆపరేషన్ అయిన మూడో నెలలో సంక్రాంతి వచ్చింది. తెల్లారగట్లే లేచి పులిబొంగరాలు వేసి, పులుసు కాచి, నా కంచంలో ఎప్పటిలా వడ్డించారు. నేను రెండు చెంచాలు తిని చాలన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. కంచం తీసుకెళ్లి కుక్కకి పెట్టి, ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

"అది మా అమ్మ చేతి పులుసు వద్దనడం ఇదే మొదలు" అన్నారు మా ఆయన రాత్రి. ఆ మాటలో నిష్టూరమే ఉంది. అప్పుడు నాకు అర్థమైంది, కోసింది నా పొట్టే అయినా ఇంట్లో అందరికీ కుట్లు పడ్డాయి. మేమిద్దరం రాత్రి పది గంటలకి ఎదురెదురుగా కూచుని తినేవాళ్లం. ఆ రోజు గుంటల సంగతులూ, నా షాపు సంగతులూ అప్పుడే. నా తిండి రెండు నిమిషాల్లో తేలిపోయాక ఆయన ఒక్కరే తినాల్సి వచ్చింది. టీవీ పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఈ సంగతి ఆసుపత్రిలో ఇచ్చిన కాగితాల్లో ఎక్కడా లేదు. చివరికి నేనే ఒక ఉపాయం కనిపెట్టాను. ఆయన కూచోగానే నేనూ కూచుని, నా చిన్న గిన్నెని ఆయన కంచమంత సేపు తినడం. డాక్టరమ్మ చెప్పిన 'మెల్లగా తినండి' అట్లా కుదిరింది. టీవీ కూడా ఆగింది.

అయిదో నెలలో ఒక తప్పు చేశాను. కస్టమరు ఒకామె నెల్లూరు నుంచి మలై కాజా తెచ్చింది. సగం తిన్నాను. పావుగంటకి ఒళ్లంతా చెమట, గుండె దడదడ, కడుపులో మెలి, కళ్లు తిరిగి కత్తిరింపు బల్ల మీదే తల వాల్చేశాను. గుండెపోటనుకుని అందరూ కంగారు పడ్డారు. తీపి ఒక్కసారిగా పేగులోకి జారిపడితే ఒంట్లో నీరంతా అటు లాగుతుందట. దీన్ని డంపింగ్ అంటారు. బైపాస్ అయినవాళ్లలో ఎక్కువ. అరగంట పడుకుంటే తగ్గింది గానీ ఆ భయం ఇంకా ఉంది. ఇప్పటికీ పెళ్లి భోజనాల్లో ఆకులో మొదట తీపి వడ్డిస్తారు చూడండి, దాన్ని వేలితో అంటుకుని నాలికకి రాసుకుంటాను. వడ్డించేవాళ్లకి తృప్తి, నాకు క్షేమం.

జుట్టు, జాకెట్లు, జనం మాటలు

నాలుగో నెల నుంచి దువ్వెనకి కుచ్చులు కుచ్చులుగా జుట్టొచ్చింది. బరువు గబగబా తగ్గినప్పుడు ఇది మామూలే, మళ్లీ వస్తుందన్నారు. ఏడాది తిరిగేసరికి వచ్చింది కూడా. కానీ ఆ నాలుగు నెలలూ జడ వేసుకోవాలంటేనే దిగులు.

జాకెట్ల సంగతి నా వృత్తి కాబట్టి చెప్పుకోవాలి. ఏడాదిలో ఛాతీ కొలత నలభై ఆరు నుంచి ముప్పై ఎనిమిదికి వచ్చింది. అవే జాకెట్లు నాలుగుసార్లు లోపలికి కుట్టాను. అయిదోసారి లోపల గుడ్డ ఎక్కువై గుచ్చుకుంటుంటే పారేయక తప్పలేదు. జబ్బల దగ్గర చర్మం వేలాడింది, అది వ్యాయామంతో పోదు. మోచేతుల దాకా చేతులు కుట్టుకుంటున్నాను. ఇట్లాంటి ఆపరేషన్ అయినవాళ్లు ఎవరైనా మొదటి ఏడాది పట్టుచీరలకి కొత్త జాకెట్లు కుట్టించుకోకండి, డబ్బు దండగ. టైలరుగా నా నష్టం నేనే కోరుకుంటున్నాను.

ఇక జనం. మనూళ్లలో లావైతే 'తిండిపోతు', తగ్గితే 'ఏదో జబ్బు'. బస్టాండులో ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "ఏందమ్మా, క్యాన్సరా? మాతో చెప్పకూడదా" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆపరేషన్ అని చెబితే ఇంకొకామె, "ఓహో, కోయించుకున్నావా. నోరు కట్టుకుంటే సరిపోయేది గదా" అంది. మొదట్లో దాచాను. దాచినకొద్దీ కథలు పెరుగుతున్నాయని తర్వాత షాపులోనే అందరికీ చెప్పేశాను.

మేలు సంగతీ చెప్పాలి. ఇన్సులిన్ సూది ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడే సగమైంది, రెండో నెలకి ఆగిపోయింది. గురక పోయింది. ఏడాదిన్నరకి డెబ్భై ఒకటికి దిగాను. తూపిలిపాలెం బీచికి పిల్లలతో పోయి, ఇసుకలో కింద కూచుని ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచాను. ఆ రోజు సంతోషం ఇంకే రోజూ లేదు.

సూది గుచ్చుకున్నా తెలియలేదు

ఇది ముఖ్యం. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా ఇదే.

ఆపరేషన్ అయిన నాలుగు నెలలకి, 2020 మార్చిలో, లాక్‌డౌన్ వచ్చింది. చెన్నైకి రైళ్లు లేవు. చూపించుకోవాల్సిన తేదీ దాటింది. ఇచ్చిన బిళ్లలు జూన్‌కి అయిపోయాయి. ఒళ్లు తేలిగ్గా ఉంది, షుగరు లేదు, 'బిళ్లలు దేనికి, బలానికే గదా' అనుకున్నాను. రైళ్లు తిరగడం మొదలయ్యాక కూడా పోలేదు. ఇందులో ఎవరి తప్పూ లేదు, నాదే.

2022 సంక్రాంతి బట్టల హడావుడిలో వేళ్ల కొసలు తిమ్మిరెక్కడం మొదలైంది. పాత షుగరు వల్లే అనుకున్నాను. ఒకరోజు జాకెట్టుకి హుక్కులు కుడుతున్నాను. తెల్ల గుడ్డ మీద ఎర్రటి మరక కనిపించింది. చూస్తే సూది వేలిలోకి దిగి ఉంది. నాకు తెలియలేదు! టైలరు చేతికి సూది తెలియకపోతే ఇక మిగిలిందేముంది? నడుస్తుంటే కాలు కూడా దూది మీద వేసినట్టుండేది.

ఆ వారమే చెన్నై పోయాం. రక్తపరీక్షలో బీ12 నూట ముప్పై ఉంది. రెండు వందలకి పైన ఉండాలట. హిమోగ్లోబిన్ ఎనిమిదిన్నర. అన్నంలోని బీ12 ఒంటికి పట్టాలంటే జీర్ణకోశంలో ఊరే ఒక పదార్థం దానితో కలవాలి. బైపాస్‌లో అన్నం ఆ దారిన పోదు కాబట్టి ఆ కలయిక సరిగా జరగదు. కాలేయంలో పాత నిల్వ ఉంటుంది గనక కొన్నాళ్లు లోటు బయటపడదు. మనం బాగున్నామనుకుంటూ ఉంటాం. నేను అంతకుముందు ఏళ్ల తరబడి వాడిన షుగరు బిళ్ల మెట్‌ఫార్మిన్ కూడా బీ12ని తగ్గించేదేనట. అంటే నా నిల్వ ముందే తక్కువ.

"ఆ బిళ్లలు బలానికి కాదమ్మా. తీసేసిన దారికి బదులు. బతికినన్నాళ్లూ వేసుకోవాలని చెప్పాం గదా" అంది డాక్టరమ్మ. చెప్పారు. కాగితంలో కూడా ఉంది. నేనే చదవలేదు.

ఇంజెక్షన్లు మొదట రోజు మార్చి రోజు, తర్వాత వారానికొకటి, ఇప్పుడు నెలకొకటి. నాలుగు నెలలకి వేళ్లు దారికొచ్చాయి. ఎడమచేతి చిటికెనవేలు మాత్రం ఇప్పటికీ మొద్దుగానే ఉంది. ఐరను, కాల్షియం, డీ విటమిను రోజూ వేసుకుంటున్నాను. ఐరను, కాల్షియం కలిపి వేసుకోకూడదు, రెండు గంటల ఎడం ఉండాలి. ఐరను మీద టీ తాగకూడదు. నెలసరి ఉన్న ఆడవాళ్లకి ఐరను లోటు ఇంకా తొందరగా వస్తుందట. ఇంకోటి, పంటినొప్పి, ఒళ్లు నొప్పులు అని మందుల షాపులో నొప్పి బిళ్లలు అడిగి వేసుకోకండి. బైపాస్ అయినవాళ్లకి కొన్ని రకాలతో అతుకు దగ్గర పుండు పడుతుంది. వాంతులు రోజుల తరబడి ఆగకపోయినా ఇంట్లో కూచోకూడదు. అప్పుడు బీ1 లోటు వస్తే నరాలకే ప్రమాదం.

ఆ ఏడాదే ఆగస్టులో నెల్లూరు రొట్టెల పండక్కి పోయాను. 2019లో, ఆపరేషన్‌కి ముందు, బారా షహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి ఆరోగ్య రొట్టె పట్టుకున్నాను. కోరిక తీరితే మళ్లీ వచ్చి రొట్టె వదలాలి. కోవిడ్ వల్ల రెండేళ్లు పోలేదు. ఈసారి నీళ్లలో నిలబడి నా రొట్టె ఒక పిల్ల తల్లికి ఇచ్చాను. తీరిందా లేదా అని నన్నడిగితే ఏం చెప్పాలో తెలియదు గానీ, ఇచ్చేశాను.

అడగడానికి వచ్చేవాళ్లు

ఇప్పుడు నా షాపుకి కొలతలకే కాదు, దీని గురించి అడగడానికీ వస్తున్నారు. పది కిలోలు తగ్గాలని వచ్చేవాళ్లని నేనే పంపేస్తాను. కిలోల్లో బరువుని, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేది బీఎంఐ. నాది నలభై ఆరు దాటి ఉండేది. మన దేశంలో సర్జన్లు చాలాకాలంగా ముప్పై ఏడున్నర దాటితే, షుగరు, బీపీ లాంటివి ఉంటే ముప్పై రెండున్నర దాటితే ఆపరేషన్ ఆలోచిస్తూ వచ్చారు. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు ఈ హద్దుల్ని ఇంకా తగ్గించాయి. అంతమాత్రాన చిన్నదని కాదు. కుట్ల దగ్గర లీకవడం, రక్తం గడ్డకట్టడం లాంటివి అరుదే గానీ, లేవని ఎవరూ అనలేరు.

మొన్న ఒక తల్లి ఇరవై నాలుగేళ్ల కూతుర్ని తీసుకొచ్చింది. సంబంధాలు తప్పిపోతున్నాయట. "ఆపరేషన్ చేయిస్తే వచ్చే మాఘానికి పెళ్లి చేసెయ్యొచ్చా అక్కా?" అంది. ఆ పిల్ల తల దించుకుని గోళ్లు చూసుకుంటూ కూచుంది. ఆపరేషన్ అయ్యాక ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోమంటారని చెప్పాను. పెళ్లయిన మరుసటి నెల నుంచే 'ఏమైనా విశేషమా' అని అడిగే ఇళ్లకి పోయి, ఆ పిల్ల ఏమని చెప్పుకుంటుంది? బైపాస్ అయితే గర్భం రాకుండా వేసుకునే బిళ్లలు కూడా సరిగా పట్టకపోవచ్చు. పైగా ఈ బిళ్లలూ, పరీక్షలూ అత్తింట్లో దాచి సాగేవి కావు. పెళ్లిచూపుల కోసం అయితే వద్దన్నాను. నిజంగా ఒంట్లో బాగోలేకపోతే ఆ పిల్లనే డాక్టరుతో మాట్లాడనివ్వమన్నాను. తల్లికి కోపమొచ్చింది. జాకెట్టు గుడ్డలు వెనక్కి తీసుకుపోయింది.

ప్రస్తుతం నేను డెబ్భై ఆరు కిలోలు. తగ్గిన దాంట్లో అయిదు మళ్లీ వచ్చాయి. రెండేళ్ల తర్వాత కొంత తిరిగొస్తుందని డాక్టరమ్మ ముందే చెప్పింది గానీ, ఒప్పుకోవడానికి టైము పట్టింది. సంచి కొంచెం సాగుతుంది, ఆకలీ మెల్లగా తిరిగొస్తుంది. మిషను దగ్గర నమిలే మిక్స్చరుదే నా తప్పు. అది మెత్తగా జారిపోతుంది, నిండినట్టే ఉండదు. డబ్బా ఇప్పుడు మా అమ్మాయి అలమారలో పెట్టి తాళం వేసింది.

మా అత్తగారికి డెబ్భై ఎనిమిది. పోయినేడు పళ్లన్నీ తీయించి కట్టుడుపళ్లు పెట్టించాం. ఆవిడకీ ఇప్పుడు మెత్తటి చేపే దిగుతుంది, ఆవిడా ముద్దకి పాతికసార్లు నములుతున్నారు. ఇంట్లో అందరూ తిని లేచాక మేమిద్దరం వంటింట్లో పీట మీద ఎదురెదురుగా కూచుంటాం. పులుసు ఆవిడే కాస్తారు, ముళ్లు నేను తీస్తాను. మధ్యలో ఉగ్గుగిన్నె. దాంట్లో ఇప్పుడు మామిడికాయ ముక్కలు వేసుకుంటున్నాం.